వారం వారం వేపనూనె కొట్టడం ఆపేద్దాం

మిద్దె తోట మొదలుపెట్టిన వాళ్లకి ముందుగా అందే సలహా ఇది: "పురుగు ఉన్నా లేకపోయినా వారానికోసారి వేపనూనె కొట్టండి, ఏ బాధా ఉండదు." కుండీలతో పాటే వేపనూనె సీసా, 2 లీటర్ల స్ప్రేయరు ఇంటికి వచ్చేస్తాయి. ఆదివారం పొద్దున్నే మొక్కలన్నిటికీ తలంటు పోసినట్టు పైనుంచి కిందిదాకా తడిపేస్తారు. రసాయన మందు కాదు కదా, నాలుగు చుక్కలు ఎక్కువ పడితే ఏం పోతుందిలే అన్న ధైర్యం.

పోయేది చాలా ఉంది. వేపనూనె మంచి మందే. వేళ తెలిసి, పురుగు తెలిసి వాడితే దాన్ని మించింది మిద్దె మీద తక్కువ. కానీ క్యాలెండరు చూసి కొట్టే అలవాటు వల్ల పురుగు తగ్గదు, పెరుగుతుంది. ఎందుకో తెలియాలంటే చిక్కుడు పాదు దగ్గర కాసేపు నిలబడాలి.

సంక్రాంతి దగ్గర పడేసరికి చిక్కుడు పూత మీద ఉంటుంది. పూగుత్తి కాడ చుట్టూ ఆవాలు అతికించినట్టు నల్లగా పేనుబంక పడుతుంది. ఈ రోజుల్లో కనిపించేవన్నీ ఆడవే. వాటికి మగదానితో పనిలేదు, గుడ్లు పెట్టే పనీ లేదు. రోజుకి నాలుగైదు చొప్పున నేరుగా పిల్లల్నే కంటాయి. ఆ పిల్లలు వారం, పది రోజులు తిరిగేసరికి తల్లులవుతాయి. అందుకే మొన్న నాలుగు కనిపించిన చోట ఇవాళ కాడ కనపడనంతగా ముసురుకుంటాయి. కంగారు పుట్టడం సహజం.

ఆ కంగారులో స్ప్రేయరు తీయకుండా, ఫోన్ కెమెరా జూమ్ చేసి అదే గుత్తిని చూడండి. పక్క ఆకు అడుగున పది ఇరవై పసుపు గుడ్లు, బియ్యపు గింజల్ని నిలబెట్టి పేర్చినట్టు ఉంటాయి. అవి అక్షింతల పురుగు గుడ్లు. పెద్ద పురుగుని అందరూ గుర్తుపడతారు: పసుపు, నారింజ రంగు వీపు, దాని మీద నల్లటి వంకర గీతలు. దాని పిల్లని మాత్రం గుర్తుపట్టేవాళ్లు తక్కువ. నల్లగా, పొడుగ్గా, ఆరు కాళ్లతో, ఒంటి మీద పసుపు మచ్చలతో చిట్టి మొసలిలా ఉంటుంది. చూస్తే ఇదే మొక్కని తినేస్తోందేమో అనిపిస్తుంది. నలిపేసేవాళ్లు కూడా దీన్నే ముందు నలుపుతారు. నిజానికి ఆ గుత్తి మీద మీ పక్షాన ఉన్నది అదే. పెరిగి పెద్దయ్యేలోపు ఒక్కో పిల్ల కొన్ని వందల పేనుబంకని తింటుంది.

ఇంకొంచెం చూస్తే పేనుబంక గుంపులోనే కొన్ని ఉబ్బిపోయి, గోధుమ రంగులో, కదలకుండా బిగుసుకుని కనిపిస్తాయి. కొన్నిటి వెనకభాగంలో సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు ఉంటుంది. కంటికి ఆననంత చిన్న కందిరీగ జాతి పురుగు బతికున్న పేనుబంక ఒంట్లో గుడ్డు పెట్టింది, దాని పిల్ల లోపలంతా తిని, చిల్లు చేసుకుని బయటికి వెళ్లిపోయిందన్నమాట. గుంపులో ఇలాంటివి పదో పన్నెండో కనబడ్డాయంటే ఆ గుత్తి సంగతి మీరు పట్టించుకోనక్కర్లేదు. ఆకు మీద సన్నటి వెంట్రుక లేచి, దాని కొసన తెల్లటి గుడ్డు వేలాడుతుంటే అది అల్లిక రెక్కల పురుగుది. కాళ్లు లేని, జలగలాంటి చిన్న పురుగు తల అటూఇటూ తిప్పుతూ వెతుక్కుంటుంటే అది సిర్ఫిడ్ ఈగ పిల్ల. వీటన్నిటికీ పేనుబంకే తిండి.

ఇక లెక్క చూడండి. అక్షింతల పురుగు గుడ్డు పొదగడానికి 3, 4 రోజులు, పిల్ల దశ 8 నుంచి 10 రోజులు, ఆపైన కోశం దశ ఇంకో 4, 5 రోజులు. అంటే ఒక తరం తిరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పేనుబంకకి వారం చాలు. పైగా తల్లి అక్షింతల పురుగు పిల్లలకి సరిపడా తిండి ఉన్న చోటే గుడ్లు పెడుతుంది కాబట్టి పేనుబంక గుంపు కట్టాకే వస్తుంది, ముందు రాదు. మీరు ఆదివారం కొట్టిన నూనె పేనుబంకతో పాటు ఈ గుడ్లనీ పిల్లల్నీ ముంచేస్తుంది. ఆకు మడతల్లో మిగిలిన నాలుగు పేనుబంకలు వచ్చే ఆదివారానికి మళ్లీ గుంపు కడతాయి. అక్షింతల పురుగు మాత్రం మొదటి మెట్టు నుంచి రావాలి. మళ్లీ కొడతారు. ఇలా నాలుగు ఆదివారాలు గడిచేసరికి తోటలో తినే పురుగు ఉంటుంది, దాన్ని తినే పురుగు ఉండదు. "వేపనూనె పనిచేయడం లేదు, ఇంకా గట్టి మందు చెప్పండి" అనే ప్రశ్న వచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఇందులో పొరపాటు ఒకటి బాగా బాధపెడుతుంది. మందార మీద పిండినల్లి పడినప్పుడు, వాటి మధ్య పొడుగాటి తెల్ల మైనపు పోగులతో, చింపిరి జుట్టులా ఒకటి కనిపిస్తుంది. "అమ్మో, పెద్ద పిండినల్లి" అని ముందు దాన్నే బ్రష్‌తో రాసి పారేస్తారు. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. 1898లో కాఫీ తోటల్లో పొలుసు పురుగు కోసం ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. ఇక్కడ స్థిరపడి పిండినల్లికి బద్ధశత్రువైంది. తేడా కనిపెట్టడం తేలికే. పిండినల్లి 3, 4 మిల్లీమీటర్లు దాటదు, ముట్టుకున్నా బద్ధకంగా కదులుతుంది. క్రిప్టోలీమస్ పిల్ల ఎదిగాక దానికి రెండు మూడింతలు ఉంటుంది, పుల్లతో తాకితే చకచకా నడిచిపోతుంది. అనుమానం ఉంటే పుల్లతో తాకి చూడండి, ఆ తర్వాతే బ్రష్.

మిద్దె మీద నాలుగు కుండీల ముచ్చటకి ఇదంతా అవసరమా అనిపిస్తే బొప్పాయి పిండినల్లి సంగతి గుర్తు చేసుకోవాలి. మెక్సికో వైపు నుంచి వచ్చిన ఆ పురుగు 2008లో కోయంబత్తూరు దగ్గర మొదట బయటపడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని తెల్లగా కప్పేసింది. ఒంటి మీద మైనపు పొర ఉండటంతో మందులు సరిగా అంటలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధనా సంస్థ ప్యూర్టోరికో నుంచి అసెరోఫేగస్ అనే అతి చిన్న పరాన్నజీవి కందిరీగల్ని తెప్పించి, పెంచి వదిలింది. కొద్ది నెలల్లోనే తోటలు తేరుకున్నాయి. ఆ కందిరీగ పనిచేయాలంటే రైతు మందు ఆపాలి. అన్నిటికంటే కష్టమైన షరతు అదే. మన మిద్దె మీద కూడా కష్టం అక్కడే ఉంది.

అయితే ఎన్నాళ్లు ఆగాలి? నేను చెప్పే పద్ధతి ఇది. పురుగు కనిపించిన కొమ్మకి ఒక దారం కట్టండి. ఫోటో తీయండి. నాలుగో రోజు, ఏడో రోజు అదే కొమ్మని మళ్లీ తీయండి. మూడు ఫోటోలు పక్కపక్కన పెడితే గుంపు పెరుగుతోందో తరుగుతోందో మీ కళ్లకే తెలుస్తుంది. గుత్తి మీద మొసలిపిల్లలాంటిది ఒక్కటి కనిపించినా ఇంకో వారం ముట్టుకోకండి. ఏమీ కనిపించకుండా గుంపు రెట్టింపైతే పైపు నోటికి బొటనవేలు అడ్డం పెట్టి, పొద్దుటిపూట, కింది నుంచి పైకి ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టండి. రోజు విడిచి రోజు మూడుసార్లు. కిందపడ్డ పేనుబంకలో మళ్లీ పైకెక్కేవి చాలా తక్కువ. మొక్కని రెండో చేత్తో పట్టుకోవడం మరచిపోవద్దు, లేత చిగురు విరిగిపోతుంది.

రెండు చోట్ల ఎదురుచూపు పనికిరాదు. నాలుగాకుల నారు మీద పేనుబంక పడితే ఆ రోజే తుడిచేయాలి, దానికి ఓర్చుకునే ఆకు లేదు. చీమలు బారులు తీరితే కూడా ఊరికే చూస్తూ కూర్చోకూడదు. పేనుబంక, పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు పిల్లల్ని తరిమేస్తాయి. ఆ జిగురు మీదే తర్వాత నల్లటి మసి తెగులు కమ్ముకుంటుంది. స్టాండు కాళ్ల చుట్టూ రెండంగుళాల మేర గ్రీజు పూయండి, లేదా కాళ్లని నీళ్లున్న మూతల్లో నిలబెట్టండి. గ్రీజు మొక్క కాండానికి పూయకూడదు, బెరడు పాడవుతుంది. కొమ్మ గోడని తాకుతున్నా, పక్క కుండీ మీదికి వాలినా అదే వంతెన, ముందు దాన్ని కత్తిరించాలి. అలసంద విషయంలో మాత్రం తొందరపడకండి. దాని పూకాడ మీద పువ్వుతో సంబంధం లేకుండానే తేనె ఊరుతుంది. చీమలు అందుకోసం కూడా వస్తాయి.

ఎరువు మాట కూడా ఇక్కడే చెప్పాలి. ప్రతి పది రోజులకీ నూనెగింజల చెక్క నానబెట్టిన నీళ్లు, జీవామృతం, ఆపైన వర్మీకంపోస్టు గుప్పిళ్లతో పోస్తుంటే నత్రజని ఎక్కువై ఆకు ముదురాకుపచ్చగా, మెత్తగా, రసంతో ఉబ్బి వస్తుంది. పేనుబంకకి అంతకంటే విందు లేదు. ఆకు నవనవలాడుతోందని మురిసిపోతుంటాం, పూత మాత్రం రాదు. పురుగు పడిన మొక్కకి పది పదిహేను రోజులు ఎరువు ఆపి చూడండి.

మిరపలో "ముడత వచ్చింది, వేపనూనె కొట్టాను" అనే మాట మరీ ఎక్కువ వినిపిస్తుంది. ముడత అంటే ఒకటి కాదు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే పైముడత, అది తామర పురుగుల పని. అంచులు కిందికి తిరిగి, బోర్లించిన దోనెలా అయి, కాడ సాగితే కింది ముడత, అది నల్లి పని. ఆకు చిన్నదై, ఈనెల మధ్య పసుపు తేలి, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా గిడసబారితే అది తెల్లదోమ అంటించిన వైరస్. మొదటిదానికి వేపనూనె కొంత పనిచేస్తుంది. రెండోదానికి లీటరు నీళ్లకి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం మంచిది. కానీ వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొడితే ఆకు మాడిపోతుంది. వారం వారం నూనె కొట్టేవాళ్లకి ఆ దారి కూడా మూసుకుపోయినట్టే. గంధకం మండే ఎండలో కొట్టకూడదు, దోస, కాకర జాతి పాదుల మీద అసలే వద్దు. మూడోదానికి ఏ మందూ లేదు. బెండలో ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు కూడా అంతే. మనసు ఒప్పకపోయినా ఆ మొక్కని పీకి, కవర్లో కట్టి పారేయాలి, లేకపోతే మిగతా వాటికీ తెల్లదోమ మోసుకుపోతుంది. నల్లి ఉందో లేదో తెలియాలంటే ఆకు కింద తెల్ల కాగితం పట్టి వేలితో తట్టండి. కాగితం మీద పడ్డ చుక్కలు నడిస్తే ఎర్రనల్లి లాంటివి ఉన్నట్టు. మిరపకి కింది ముడత తెచ్చే తెల్లనల్లి అంతకంటే చిన్నది, దానికి భూతద్దం కావాలి.

కాయ లోపల, కొమ్మ లోపల ఉండే పురుగుకి పైన కొట్టే ఏ ద్రావణమూ అందదు. వంగలో లేత తల వాలిపోతే అందులో తొలుచు పురుగు ఉంది. వాడిన చోటుకి అంగుళం కింద నుంచి కోసి, చీల్చి చూడండి, గులాబీ రంగు పురుగు ఉంటుంది. వారానికి రెండుసార్లు ఇలా వాలిన తలలు తుంచేస్తే కాయలు చాలావరకు దక్కుతాయి. కోసిన తలని కుండీలోనే పడేస్తే చేసిన పనంతా వృథా.

కాకర, బీరలకి పండు ఈగ. ఇక్కడ జరిగే ఖరీదైన తప్పు, తప్పు ఎర కొనడం. దుకాణంలో "పండు ఈగ ట్రాప్" అడిగితే చేతిలో పెట్టేది చాలాసార్లు మామిడి ఈగకి పనికొచ్చే మిథైల్ యూజినాల్. పాదుల ఈగకి కావలసింది క్యూ లూర్. కొనేముందు ప్యాకెట్ మీద పేరు చదవండి. పూత మొదలవగానే పందిరి దగ్గర నాలుగైదు అడుగుల ఎత్తున కట్టండి, నెలన్నర దాటాక ఎర మార్చండి. అయినా ఇది మగ ఈగల్నే పట్టుకుంటుంది కాబట్టి ఇదొక్కటే చాలదు. పిందె కట్టిన రెండు మూడు రోజుల్లోనే పలచటి గుడ్డ సంచో, రెండు వైపులా తెరిచిన కాగితపు గొట్టమో తొడగాలి, ఎందుకంటే ఈగ గుడ్డు పెట్టేది లేత తొక్కలోనే. గుడ్డు పెట్టిన చోట చిన్న చిల్లు, దాని మీద గడ్డకట్టిన జిగురు బొట్టు ఉంటాయి, కాయ అటువైపు వంకర తిరుగుతుంది. అలాంటి కాయని కంపోస్టు డబ్బాలో వేయకండి. మందపాటి ప్లాస్టిక్ కవర్లో బిగించి వారం రోజులు ఎండలో పెట్టండి. పురుగు మట్టిలోకి దూరి కోశం కడుతుంది, కాబట్టి పాదు మొదట్లో పైమట్టి రెండంగుళాలు తిరగేస్తుండాలి.

పిందె పసుపెక్కి రాలితే అన్నీ ఈగ మీద తోసేయడం కూడా అలవాటైపోయింది. చిల్లు లేకుండా, పువ్వు వాడిన రెండు మూడు రోజులకే పిందె పసుపు తిరిగి ముడుచుకుపోతే పుప్పొడి అందలేదని అర్థం. వారం వారం నూనె కొట్టడం మీద నా రెండో ఫిర్యాదు ఇదే. "తేనెటీగలకి ఇబ్బంది లేకుండా సాయంత్రం కొట్టండి" అని అందరూ చెబుతారు. దోసకి, గుమ్మడికి, కాకరకి ఆ మాట సరే, వాటి పువ్వులు తెల్లవారుజామునో పొద్దున్నో విచ్చుకుంటాయి. కానీ బీర, సొర, పొట్ల విచ్చుకునేది సాయంత్రమే. సొర తెల్లపువ్వు మీదికి చీకటి పడ్డాక రెక్కల పురుగులు వస్తాయి. మీరు సరిగ్గా ఆ వేళకి స్ప్రేయరు పట్టుకుని పందిరి కింద ఉంటారు. నేతిబీర మళ్లీ పొద్దుటి పువ్వే. అందుకని ఏ పాదు ఏ వేళకి పూస్తుందో చూసుకుని, తప్పదనుకున్నప్పుడు పువ్వుని తాకకుండా ఆకు అడుగున మాత్రమే కొట్టాలి. పురుగులు రావడం లేదనిపిస్తే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది. సొరకి ఈ పని దీపాలు పెట్టే వేళ చేయాలి, మర్నాడు పొద్దునకి పువ్వు వాడిపోతుంది.

వంగ, టమాటాలకి ఇంకో సంగతి ఉంది. వాటి పుప్పొడి ఉప్పు డబ్బాలో ఉప్పులా పుప్పొడి తిత్తి లోపల ఉంటుంది, కొసన చిన్న రంధ్రంలోంచి రాలాలి. తేనెటీగకి దాన్ని కదిలించడం రాదు. నల్లటి పెద్ద తుమ్మెద పువ్వుని కాళ్లతో పట్టుకుని, రెక్కలాడించకుండా ఒళ్లంతా ఝుమ్మని అదిరిస్తుంది, పుప్పొడి జలజలా రాలుతుంది. పూత బాగా ఉండి కాయ నిలవకపోతే వెదురుబొంగు ముక్కలు నాలుగు, అరచేయంత పొడవున కోసి, ఒక కొస మూసి ఉన్నవి, వాన తగలని మూల కట్టండి. తుమ్మెదలు గూడు కట్టుకోవడానికి ఎండిన బొంగు ఇష్టపడతాయి. అవి వచ్చేలోపు పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య పూకాడని వేలితో నాలుగైదుసార్లు తట్టినా కొంత పని జరుగుతుంది.

వేపనూనె ఎప్పుడు, ఎలా? పేనుబంక, తామర పురుగులు, తెల్లదోమ పిల్లలు పెరుగుతూ, వాటిని తినేవి ఏవీ కనిపించనప్పుడు, ఆ కొమ్మకి, ఆ ఆకు అడుగుకి మాత్రమే. పూజ సామాన్ల కొట్టులో దీపాలకి అమ్మే వేపనూనె కాకుండా, మొక్కల కోసమని అజాడిరక్టిన్ (వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం) ఎన్ని పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు ఉందో రాసినది కొనండి. 1500 పీపీఎం అయితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు చాలు, 10,000 పీపీఎం అయితే లేబులు మీద ఉన్న కొలత దాటొద్దు. నూనె నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలి, చివరికి మిగిలిన చిక్కటి నూనె ఒకే మొక్క మీద పడి మాడ్చేస్తుంది. ముందు ఒక గిన్నెలో నూనె, 1 లేదా 2 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు లేదా కుంకుడు రసం కలిపి పాలలా తెల్లబడేదాకా గిలకొట్టండి, తర్వాత గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోయండి. బట్టల సోడా పొడి వద్దు. కలిపింది అదే పూట వాడేయాలి, కొడుతున్నంతసేపూ సీసా కుదుపుతుండాలి. ముందు రెండాకుల మీద కొట్టి మర్నాడు చూసి ఆ తర్వాత మిగతా వాటికి. మన వేసవి ఎండల్లో, నీళ్లకి వాడి ఉన్న మొక్క మీద అసలు కొట్టొద్దు. పురుగు వెంటనే చావలేదని మర్నాడు మళ్లీ కొట్టకండి. పిల్ల పురుగు తిండి మానడం, కుబుసం విడవలేకపోవడం దీని పని, దానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

ఇంట్లో కాచుకునే పురుగుమందు కషాయం అగ్నిఅస్త్రం గురించి ఒక్క మాట. సహజమైనది కదా అని కొత్తిమీర, పాలకూరల మీద కూడా కొట్టేస్తున్నారు. అందులో పొగాకు ఉంటుంది, పొగాకులో నికోటిన్ ఉంటుంది, అది తుమ్మెదకీ తేనెటీగకీ మనకీ కూడా విషమే. రేపు కోసుకునే ఆకుకూర మీద దాని పని లేదు.

నిమ్మ, కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించే గొంగళి కూడా చాలామందికి శత్రువే. అది పెరిగి ఆకుపచ్చగా మారి, నల్లటి పెద్ద సీతాకోకచిలుకో, పసుపు నలుపు గళ్లదో అవుతుంది. మోకాలెత్తు మొక్క మీద మూడు నాలుగుంటే ఆకంతా ఊడ్చేస్తాయి, అది నిజం. అందుకే ఎదిగిన కరివేపాకు చెట్టు ఒకటి ఉంటే వాటిని వేలితో తీసి దాని మీదికి మార్చండి. నిమ్మ గొంగళి చాలావరకు కరివేపాకు కూడా తింటుంది. ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది, కుట్టదు, భయం లేదు.

చివరిగా పూతకి వచ్చిన కొత్తిమీర. ఆకు చిన్నదైపోయింది, ఇక పనికిరాదని పీకి పారేస్తుంటారు. ముప్పై కుండీల తోటలో రెండు కుండీల కొత్తిమీర, ఒక కుండీ సోంపు పూతకి వదిలేయండి. పేనుబంకలో గుడ్లు పెట్టే చిట్టి కందిరీగలకి, సిర్ఫిడ్ ఈగలకి నోరు పొట్టిది, లోతైన పువ్వుల్లో తేనె అందదు. గొడుగులా పరుచుకున్న ఈ చిన్న పూలే వాటికి భోజనం. ఎండ ఎక్కిన వేళ ఆ కుండీ దగ్గర కూర్చుంటే పూల మీద గాలిలో కదలకుండా నిలబడి, ఒక్కసారిగా పక్కకి జరిగే పసుపు చారల ఈగ కనిపిస్తుంది. తేనెటీగ అనుకుంటారు చాలామంది. అది సిర్ఫిడ్ ఈగ, కాసేపట్లో చిక్కుడు పాదు మీద గుడ్లు పెట్టడానికి వెళ్లబోతోంది.